పిల్లికూతలు

మేం అద్దెకున్న ఇల్లు
ఒకప్పుడు స్కానింగ్ సెంటరు.
హన్మకొండలో, నక్కలగుట్ట ఎక్కే దారిలో.
గోడ మీద సగం చెరిగిన బాణం గుర్తు,
అది చూసి ఇప్పటికీ ఎవరో ఒకరు
రిపోర్టులు పట్టుకొని గేటు కొడుతుంటారు.

యంత్రాలు పోయాయి.
కప్పులో రేకు గొట్టం మిగిలింది,
ఈ గది నుంచి ఆ గదికి
పొడుగాటి పేగులా.
ఎండాకాలం చల్లగాలి అందులోంచే.
ఓనరు దాన్ని చూపించే
వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగాడు.

రెండేళ్లుగా ఓంకార్‌కి రాత్రిళ్లు పిల్లికూతలు.
వాడి ఛాతీకి చెవి ఆనిస్తే
మూసిన తలుపు వెనక
ఏదో కూన తిరుగుతున్నట్టు.
డాక్టరు మందు రాసి, పెన్ను మూసి
"ఇంట్లో దుమ్మెక్కడుందో చూడమ్మా" అన్నాడు.
చూశాను.
పరుపులు ఎండేశాను, కర్టెన్లు ఉడకబెట్టాను,
సాంబ్రాణి మాన్పించాను, అత్తమ్మ అలిగింది.
తలెత్తి మాత్రం చూడలేదు.

ఆదివారం వాళ్లిద్దరూ వచ్చారు.
కాజీపేట నుంచి యాకూబ్ పాషా,
పర్వతగిరి నుంచి యాకయ్య.
ఒకే దర్గాకు మొక్కుకున్న ఇద్దరు తల్లుల కొడుకులు.
"ఏ పేరు పిలిచినా ఇద్దరం పలుకుతం మేడం."
ముళ్లపందిలాంటి బ్రష్షు, తొండమంత పైపు,
హాలంతా పరిచిన ప్లాస్టిక్ పట్టా.

జాలీ విప్పారు.
మొదట రాలింది ఎరుపు.
యాకయ్య వేలికి అద్దుకొని, వాసన చూసి,
తుమ్మి,
"తేజ మిర్చి" అన్నాడు.

మా ఆయన ఎనుమాముల మార్కెట్లో అడ్తి గుమాస్తా.
సంచి సంచికీ చెయ్యి పెట్టి చూసే మనిషి.
సీజనంతా ఆ ఘాటు అంగీతోనే వచ్చి
సరిగ్గా ఆ జాలీ కిందే నిలబడి
చెమట ఆర్చుకుంటాడు.
మా బియ్యం, మా కిరాయి, పిల్లాడి ఫీజు
ఆ ఎర్రపొడిలోంచే.
అది కప్పెక్కి కూర్చుంటుందని
ఎవరనుకున్నారు?

తర్వాత బూడిదరంగు. తర్వాత
దూది పింజలు, పావురం ఈక, సున్నం పెచ్చు.
యాకూబ్ భుజం దాకా చెయ్యి దూర్చి
ఒక కాగితం ముక్క లాగాడు.
పాత టోకెను. నలభై మూడు.
ఎవరో ఈ హాల్లోనే కూర్చొని
తన కడుపులో ఏముందో తెలియడానికి
వంతు కోసం చూసి ఉంటారు.
ఆ నిట్టూర్పులూ ఇందులోకే పోయి ఉంటాయి.
వాళ్లు భయపడ్డ చోట
మేం మంచాలు వేసుకున్నాం.
పారేయబోతే వద్దన్నాను.
దేవుడి గూట్లో పెట్టలేదు, చెత్తలోనూ వేయలేదు.
పోపుల డబ్బా కింద ఉంది.

మిషను మధ్యాహ్నం దాకా బొబ్బలు పెట్టింది.
రెండు సంచుల దుమ్ము.
మా ఆయన చేత్తో ఎత్తి చూసి
"తరుగు తీయకుండా ఆరు కిలోలు" అన్నాడు.
అని, తన అంగీ వైపు చూసుకొని
ఊరుకున్నాడు.

చాయ్ తాగడానికి మాస్కులు దించారు.
ముక్కు చుట్టూ ఒక తెల్లటి గుండ్రం,
మిగతా ముఖమంతా మా ఇల్లే.
యాకూబ్ అటు తిరిగి చేతిరుమాల్లో చీదాడు,
అది మేం చూడరాని విషయమన్నట్టు.
"మీ ఇంట్లోనూ ఇట్లాగే తీస్తారా?"
"మా ఇంట్ల గొట్టం ఏడిది మేడం, కిటికీనే.
జాలీ పదిహేను దినాలకోసారి కడుగుండ్రి.
మందు మాత్రం మేం చెప్పినమని ఆపకుండ్రి."

ఇప్పుడు మా ఆయన గేటు దగ్గరే అంగీ విప్పుతాడు,
బాణం గుర్తు మీద మేకు కొట్టి
దానికి తగిలిస్తాడు.
గొట్టం ఖాళీ అయ్యాక
అత్తమ్మ గదిలో గొణుగుడు
వంటింట్లోకి స్పష్టంగా వస్తోంది.
సాంబ్రాణి సంగతి ఇంకా మర్చిపోలేదు.

నిన్న రాత్రి మళ్లీ పిల్లికూత.
దిగ్గున లేచాను. చీకట్లో పంపు కోసం తడిమాను.
వాడి ఛాతీకి చెవి ఆనించాను.
లోపల ఏమీ లేదు.
ఊపిరి,
వచ్చి, పోయి,
మళ్లీ వస్తూ.

కూత బయటినుంచి.
సజ్జా మీద, వెన్నెల్లో,
నిజం పిల్లి.

హుష్ అనడానికి
నోరు రాలేదు.